నీలం బండిని తిట్టిన రోజు

మొదట్లో నా చేతిలో ఉన్నది నాలుగు లక్షల ఇరవై వేలు. కొత్తది తీసుకున్నాక పాత వ్యాను అమ్మితే వచ్చిన లక్షా డెబ్బై, చీటీ పాడుకోగా చేతికందిన రెండున్నర. వాటితోపాటు వారానికో ఆదివారం.

ఎండుచేపల వ్యాపారంలో ఆదివారానికి విలువ లేదు. ఆ రోజు అందరూ పచ్చిచేపో కోడో తింటారు, ఎండునెత్తళ్ల ముఖం ఎవరూ చూడరు. మిగతా ఆరు రోజులూ సంతలు తిరిగే మాకు ఆదివారం ఖాళీగా పడి ఉండేది. ఏ సరుకైనా ఖాళీగా పడి ఉంటే నేను చూస్తూ ఊరుకోలేను.

మా ఊరు భావనపాడు. నా పేరు ధనరాజు. నా భార్య గున్నమ్మ మా మేనమామ కూతురే. పెళ్లయి ఇరవయ్యారేళ్లు. అందులో పదహారేళ్లు సరుకు వ్యాను ఆమే నడిపింది. నేను పక్కన కూర్చుని రేట్లు చూసుకునేవాణ్ణి. అమ్మాయి చదువు అయిపోయి ఉద్యోగంలో చేరాక డ్రైవర్ని పెట్టాం.

మూడేళ్ల కిందట ఒకరోజు, టెక్కలి దాటాక హైవే మీద, పైకప్పు లేని రెండు సీట్ల కారొకటి మా వ్యానును దాటి దూసుకుపోయింది. స్టీరింగు పట్టుకున్న గున్నమ్మ అది కనుమరుగయ్యేదాకా చూసి, "అందులో కూకుంటే గాలంతా మనదే గదా బావా!" అంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆమె ఏదీ రెండోసారి అడగదు. నేను మాత్రం మరిచిపోలేదు.

డబ్బు చేతికొచ్చిన రోజు చెప్పాను. "ఆదివారాలు తిరగడానికి ఒక సరదా బండి కొందామే. స్పోర్ట్సు కారు. పాతదే."

"సరదాకి బండా? జొరం గాని వచ్చిందేటి?" అని నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చెయ్యి తీసేసింది. తర్వాత, "ఏ రంగుది?" అంది.

టెక్కలిలో మా వ్యాను బాగుచేసే మెకానిక్ త్రినాథ్‌ను సలహా అడిగాను. నవ్వకుండా చెప్పాడు. "మావా, ఇలాంటి బండికి కొన్న రేటుతో అయిపోదు. ఆగిందంటే పార్టు కోసం ఊళ్లు తిరగాల. నీ కాడున్న దాంట్లో అరవై వేలు ముట్టుకోకుండా దాసుకో. మిగిలిందే నీ రేటు."

అంటే మూడు లక్షల అరవై. ఆ రోజు నుంచి నా లెక్క అదే.

మొదటి బండి విశాఖలో చూశాం. పసుపు రంగు, మెరుపు మెరుపుగా ఉంది. అమ్మేవాడు ఇంజను గురించి అరగంట చెప్పాడు. అతను చెబుతుండగానే నేను కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి, అడుగు రేకు మీద వేలు రాసి, నాలుక్కి తగిలించాను. ఉప్పగా ఉంది. తుపాను నీళ్లలో మునిగి తేలిన బండి. గున్నమ్మ వైపు చూశాను. ఆమె అప్పటికే బయటికి నడిచింది.

రెండోది వెండి రంగుది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ దాని ముందు లైటు ఒకటి పగిలితే మార్చడానికి ఎంతవుతుందని త్రినాథ్‌ను ఫోనులో అడిగాను. అతను చెప్పిన అంకె మా రెండు నెలల మిగులు. ఆదివారం నాడు రోడ్డు మీద ప్రతి గులకరాయికీ భయపడుతూ తిరిగితే దాన్ని సరదా అనరు. వదిలేశాం.

మూడోది త్రినాథే వెతికి, ఫొటోలు పంపాడు. విజయనగరంలో, రైల్వేలో పనిచేసి రిటైరైన ఉమాశంకర్ అనే ఆయన దగ్గర ఉంది. చిన్న నీలం బండి. మన దేశంలోనే కొన్నాళ్లు తయారై ఆగిపోయిన రకం. రెండు తలుపులు, రెండు సీట్లు, పైన మడిచేసే గుడ్డ టాపు. ఒళ్లంతా ఫైబరు. ఆ ఒక్క మాటకి నాకు సగం నచ్చేసింది. సముద్రపు గాలికి మా ఊళ్లో రేకు ఏదీ పదేళ్లు ఉండదు. మా బోట్లన్నీ ఫైబరే. ఫైబరు మంచిచెడ్డలు చూడటం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఇక్కడ మా వ్యాపారం పద్ధతి ఒకటి చెప్పాలి. తీరాన సరుకు వేలంపాటకి వచ్చినప్పుడు దాన్ని మెచ్చుకున్నవాడు ఆ రోజు నష్టపోయినట్టే. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అది. సరుకు నచ్చినకొద్దీ గట్టిగా తిట్టాలి. పెళ్లైన నెలలోపే గున్నమ్మకు నేర్పాను. ఏడాది తిరిగేసరికి నన్ను మించిపోయింది. నేను ఒక మాట ఎత్తుకుంటే చాలు, "ఇవి నెత్తళ్లేటి, తవుడేటి? ఇసక మాకు, సేప మీకూనా?" అని ఆమె అందుకునేది. మా ఇద్దరి పాట వినడానికే జనం చేరేవారు. అవతలివాడు విసిగిపోయి రేటు దించేవాడు.

అదే నోళ్లతో ఆదివారం విజయనగరం వెళ్లాం.

కోటకి దగ్గర్లో చిన్న సందులో ఇల్లు. ఉమాశంకర్ గారు పొడుగ్గా, సన్నగా, చేతికర్రతో ఉన్నారు. బండి మీద కప్పిన దుప్పటిని ఒక్కసారిగా లాగకుండా ఒక్కో మూలా విప్పి, మడిచి పక్కన పెట్టారు.

"ఏడేళ్లండి. ప్రతి ఆదివారం మా ఆవిడా నేనూ భీమిలి దాకా వెళ్లొచ్చేవాళ్లం. ఇప్పుడు మోకాళ్లు వంగటం లేదు. కూర్చోగలను గానీ లేవలేను. మూడు లక్షల అరవై అనుకుంటున్నాను."

సరిగ్గా నా అంకె. అయినా ఒప్పుకుంటే నేను వ్యాపారిని ఎలా అవుతాను?

బండి చుట్టూ తిరిగి ముందు నుంచి వెనక దాకా వేలి కణుపుతో కొట్టి చూశాను. ఎక్కడా శబ్దం మారలేదు, అతుకు లేదు. కార్పెట్ కింద పొడిగా ఉంది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. గున్నమ్మ స్టీరింగు ముందు కూర్చుని గేరు రాడ్డు మీద చెయ్యి వేసింది. ఆమె ముఖం కేసి చూశాను గానీ బేరం దగ్గర ఆమె ముఖంలో ఏమీ కనపడదు. అలా ఉండాలని నేర్పిందీ నేనే.

"టాపు గుడ్డ మేక నమిలీసినట్టున్నాది" అని మొదలుపెట్టాను. "ఇంజను సప్పుడేటి, దగ్గొచ్చిన ముసిలోడిలాగ!"

గున్నమ్మ వెంటనే అందుకుంది. "ఇది కారేటి బావా? పిల్లలు తొక్కుకునే బొమ్మలాగున్నాది. సుట్టమొస్తే ఎక్కడ కూకోబెడతారు, డిక్కీలోనా? ఓలమ్మ, ఇందులో కూకుంటే లెగడానికి క్రేను కావాల!"

"రెండు నలబై ఇస్తాను. అదీ మీరు పెద్దోరు గనక" అన్నాను.

మా ఊళ్లో అయితే ఈపాటికి అవతలివాడు చేతులు తిప్పుతూ మీదికి రావాలి. మూడు నలభై అనాలి, మేం వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వెయ్యాలి, వెనక్కి పిలవాలి. ఉమాశంకర్ గారు అవేవీ చెయ్యలేదు. మడిచిపెట్టిన దుప్పటి తీసి మళ్లీ బండి మీద కప్పారు. నాలుగు మూలలూ సర్దారు.

"మీకు నచ్చలేదు కదండీ, పరవాలేదు. ఎండలో వచ్చారు, టీ తాగి వెళ్లండి" అన్నారు.

టీ తాగాం. వీధి చివరిదాకా నెమ్మదిగా నడిచాం. ఎవరూ వెనక్కి పిలవలేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కదిలేదాకా ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. మోగలేదు.

గున్నమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. పోయిన బేరానికి ఆమె బాధపడకూడదని, "పోన్లే, అంత గొప్ప బండేటి కాదు" అన్నాను.

"అవును, గొప్పేటున్నాది అందులో" అంది ఆమె.

ఆ మాటతో నాకు తేలిపోయింది. ఆమె తిట్లు బేరం కోసం కాదు, నిజంగానే నచ్చలేదన్నమాట. నచ్చని బండి కోసం మళ్లీ ఫోను చేసి రేటు పెంచడమెందుకు? ఫోను జేబులో పెట్టేశాను.

సోమవారం పొద్దున్న, చేపలు ఎండబెట్టే గచ్చు పగిలితే మాట్లాడదామని తాపీ మేస్త్రీ గంగులు ఇంటికి వెళ్లాను. గచ్చు సంగతి అయ్యాక అతనే అడిగాడు.

"మరి గేటుకాడ గట్టు అలాగే ఉంచీమంటావా అన్నా? సిమెంటు బస్తా తెచ్చీసేను."

"ఏ గట్టు?"

"శనివారం వదిన సెప్పింది గదా! 'ఆదివారం బండి తెత్తాం గంగులూ, నేలకి జానెడెత్తే ఉంటాది, గట్టు తగిలీస్తాది, కొట్టీసి వాలుగా సెయ్యి' అనీసి. ఫోనులో ఫొటో కూడా సూపించింది. మళ్లీ నిన్న సాయంత్రం ఫోను సేసి ఒద్దులే అన్నాది."

"ఒద్దులే అనీసి ఇంకేటన్నాది? సరిగ్గా సెప్పు."

గంగులు తల గోక్కున్నాడు. "'బండి బంగారంలాగున్నాది గంగులూ, మీ అన్నకే నచ్చనేదు' అన్నాది."

నేను వచ్చిన పని మరిచిపోయి ఇంటికి నడిచాను.

గున్నమ్మ గచ్చు మీద నెత్తళ్లు తిరగేస్తోంది. ఎదురుగా నిలబడ్డాను.

"ఒసే, ఆ నీలం బండి నచ్చిందేటే నీకు?"

తల ఎత్తలేదు. "నీకు నచ్చనేదు గదా."

"నాకు నచ్చనేదని ఎవుడు సెప్పేడు?"

"నువ్వే! మేక నమిలీసిందనీసి అనలేదా?"

"అది బేరమే!"

"మరి నాదేటి, పెళ్లి మంత్రమా? నాదీ బేరమే! నువ్వు మొదలెడితే నాను అందుకోవాల. ఇరవయ్యారేళ్ల బట్టీ అదే గదా నేర్పేవు!"

"బస్సులో కూడా అన్నావు, గొప్పేటున్నాదని."

"ముందు అన్నది నువ్వు! నీకు నచ్చనేదు గావాల, పోన్లే అనీసి నాను ఊరుకున్నాను."

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమెకే ముందు నవ్వొచ్చింది. చేపల గంప పక్కన చతికిలబడి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"బావా, మోకాళ్లు వంగటం నేదని సెప్పిన పెద్దమనిషి ముందు క్రేను మాట అనీసేను. ఆయన ముఖం సూసేవా?"

చూశాను. రేటు దిగుతుందనుకుని చూశాను.

అక్కడే నిలబడి ఫోను చేశాను. మూడు అరవై ఇస్తానని చెప్పాను. ఉమాశంకర్ గారి గొంతు నిన్నటిలాగే మర్యాదగా ఉంది. "రేటు గురించి కాదండి ధనరాజు గారూ. మీ ఇద్దరికీ ఆ బండి వేళాకోళంగా ఉంది. అలాంటి ఇంటికి పంపలేను. బుధవారం బొబ్బిలి నుంచి ఒకాయన వస్తున్నారు. ఆయనకి ఇచ్చేస్తాను."

ఫోను పెట్టేశాక గున్నమ్మకి చెప్పాను. ఆమె గంప ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఏదీ రెండోసారి అడగదని ముందే చెప్పాను. ఈ బండి పోతే ఇంకో బండి చూద్దామన్నా రాదు. తన మాట వల్లే బండి పోయిందని, సరదా మనకి రాసిపెట్టి లేదని అనుకుంటుంది. అనుకున్నా పైకి అనదు. అదే నాకు భయం.

మంగళవారం మాకు పెద్ద సంత. డ్రైవర్ని ఒక్కణ్ణే సరుకుతో పంపించి, మేం మొదటి బస్సు ఎక్కాం.

మమ్మల్ని చూసి ఉమాశంకర్ గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. "మీకెందుకండీ మళ్లీ శ్రమ?"

"కొనడానికి కాదు బాబూ. నిన్నగాక మొన్న కొన్ని మాటలు దాసుకుని ఎల్లిపోయాను, అవి సెప్పడానికొచ్చాను" అన్నాను.

అన్నాను గానీ నోరు రాలేదు. అమ్మేవాడి ముందు సరుకును మెచ్చుకోవడం జన్మలో చెయ్యని పని. కప్పి ఉన్న బండి దగ్గరికి వెళ్లి, దుప్పటి మీదే చెయ్యి వేశాను.

"నాను ఎండుసేపల యాపారిని బాబూ. మాకు నచ్చితే తిడతాం. మొన్న ఈ బండిని ముందు నుంచి ఎనక దాకా కొట్టి సూసేను. ఎక్కడా సప్పుడు మారనేదు. ఏడేళ్లలో ఒక్క దెబ్బ తగల్నీలేదు మీరు. బ్రేకు పెడలు రబ్బరు సూసేను, అంతటా సమానంగా అరిగింది. ఎప్పుడూ గాబరాగా తొక్కనేదు. కార్పెట్టు కింద పొడిగున్నాది. అంటే వాన రాకముందే టాపు ఏసీవోరు. సీటు కుట్టు ఊడితే అమ్మగారు గావాల, సేత్తో కుట్టేరు. అంత సన్న కుట్టు మా ఊళ్లో ఏ వల మీదా నాను సూడనేదు. మూడు అరవై ఎక్కువ కాదు బాబూ. మీరు రేటు సెప్పగానే ఇచ్చీద్దామనుకున్నాను."

ఇంత పొడుగు మెచ్చుకోలు పలికాక నాకు చెమటలు పట్టాయి. గున్నమ్మ నా వైపు వింతగా చూస్తోంది. తర్వాత ఆయన వైపు తిరిగి చేతులు జోడించింది.

"నాను అన్న మాట తప్పు బాబూ. మీ మోకాళ్ల మాట మనసులో ఎట్టుకుని కాదు. ఆ సీట్లో కూకున్నాక నాకు లెగబుద్ది కానేదు. ఎవులో క్రేనెట్టి లాగితే గాని లెగనేమో అనిపించింది. అదే నోట్లోంచి అలాగ వచ్చీసింది."

లోపలి నుంచి ఉమాశంకర్ గారి భార్య గొంతు వినిపించింది. "సీటు కుట్టింది నేనే. ఏడేళ్లలో మీరొక్కసారైనా చూశారా? ఆయన చూశారు. బండి వాళ్లకే ఇచ్చేయండి."

ఉమాశంకర్ గారు నవ్వేశారు. దుప్పటి ఒక మూల విప్పి, రెండో మూల గున్నమ్మను విప్పమన్నారు. బొబ్బిలి ఆయనకి మా ఎదురుగానే ఫోను చేసి రావద్దన్నారు. నేను డబ్బు మాట ఎత్తేలోపే, "వెనక టైర్లు మార్చుకోవాలి మీరు. పదివేలు తగ్గించి ఇవ్వండి" అన్నారు.

ముప్ఫై ఏళ్లుగా సరుకును తిట్టి రేటు దించాను. మెచ్చుకుంటే దిగడం అదే మొదటిసారి. ఎక్కువ ఇస్తాననడానికి నోరు తెరిచాను. గున్నమ్మ నా కాలు తొక్కింది.

టాపు ఎలా మడవాలో, ముందు ఎడమ క్లిప్పు ఎందుకు తియ్యాలో ఆయన ఆమెకి మూడుసార్లు చూపించారు. వాళ్లావిడ సీటు కుట్టిన రంగు దారపు ఉండ పొట్లం కట్టి ఇచ్చింది. సాయంత్రం చల్లబడ్డాక బయల్దేరాం. స్టీరింగు గున్నమ్మదే. హైవే ఎక్కాక ఆమె ఏదో అంది గానీ గాలికి నాకు వినపడలేదు. పక్కకి ఆపి, మళ్లీ చెప్పింది. "నాకు శానా బాగున్నాది బావా." అంతే. మళ్లీ గేరు వేసింది.

ఇది జరిగి పదకొండు ఆదివారాలైంది. బండికి మూడున్నర లక్షలు, వెనక టైర్లకి పద్దెనిమిది వేలు, గంగులు సిమెంటుకీ కూలికీ కలిపి రెండు వేల మూడు వందలు. ఆ మంగళవారం సంతలో డ్రైవరు సరుకు చవగ్గా వదిలేసి వచ్చాడు, అదొక ఆరు వేలు. పెట్రోలు లెక్క రాయడం నాలుగో ఆదివారం నుంచి మానేశాను. రెండుసార్లు ఆగిపోయింది. ఒకసారి నౌపడా ఉప్పు మళ్ల మధ్య గంటన్నర కూర్చున్నాం. ఆ గంటన్నరలోనే గున్నమ్మ చెప్పడం మొదలుపెట్టింది, ఇన్నేళ్లలో బేరం కోసం తిట్టి, నేను నిజమనుకుని వదిలేసి వచ్చిన వస్తువుల సంగతి. శ్రీకాకుళంలో పసుపుపచ్చ చీర. పర్లాకిమిడిలో కొమ్ముతో చేసిన దువ్వెన. టెక్కలిలో మేడ మీద గదికి మూడు కిటికీలున్న ఇల్లు. ప్రతి ఆదివారం రెండో మూడో గుర్తొస్తాయి. ఇప్పటికి ఇరవై మూడు. ఇల్లు మళ్లీ దొరకదు, అడిగి చూశాను. దువ్వెన దొరికింది.

మొన్న ఆదివారం శ్రీకూర్మం వెళ్లాం. గుడి బయట ఒకామె గాజులు అమ్ముతోంది. గున్నమ్మ ఆకుపచ్చ గాజులు చేతికి ఎక్కించుకుని, అమ్మే మనిషి ఎదురుగానే, "ఎంత బాగున్నాయో సూడు బావా!" అంది. గాజులామె వెంటనే డజనుకి ఇరవై రూపాయలు పెంచింది. నేను బేరం ఆడకుండా ఇచ్చాను.

ఇరవై రూపాయలు ఎక్కువ పోయింది. నా భార్యకి ఆకుపచ్చ ఇష్టమని తెలిసింది. ఇరవయ్యారేళ్ల మీద లెక్క కడితే ఏడాదికి రూపాయి కూడా పడలేదు.